తెరెజమ్మగారి నులివెచ్చని ఏళ్లు

పీఠంపై స్వరూపాన్ని చూసి పునీతులు పుట్టుకతోనే పునీతులనుకొంటాం. అవిలాపురి తెరెజమ్మగారి జీవితాన్ని కాస్త మధ్యలోనుండి చూడండి.

1515లో స్పెయిన్ దేశంలో జన్మించిన ఈమె 1535లో అవిలా పట్టణపు కార్మెల్ మఠంలో చేరారు. తీవ్రవ్యాధితో మంచానపడి లేచారు. అసలు ప్రమాదం ఆ తరువాతే వచ్చింది. మఠంలో సందర్శకుల గదిలో కబుర్లకు అడ్డులేదు. తెరెజమ్మగారు మంచి మాటకారి. అందరూ మెచ్చుకొనేవారు. పైకి లోపమేమీ లేదు. అందరితోపాటు జపాలు సాగేవి. ఆదివారం పూజ తప్పలేదు, ఇంకేం కావాలనుకొనే మనబోటివారి స్థితే అది! ఏకాంత ధ్యానం మాత్రం మానేశారు. తాను తగననుకోవడమే వినయమని భ్రమించారు.

విచిత్రమేమిటంటే, తండ్రికి ధ్యానం నేర్పింది ఆమే. ఆయన ఎదుగుతున్నారు, నేర్పిన బిడ్డ మానేసింది. అడిగితే అనారోగ్యమని చెప్పింది. ఆయన నమ్మి జాలిపడ్డారు. బోధించే గురువులమైన మాకు ఈ ఘట్టం దగ్గర గుండె గుబేలుమంటుంది.

1543లో తండ్రి మరణించాక, ఆయన పాపసంకీర్తన గురువు హెచ్చరించగా ధ్యానం మళ్లీ మొదలుపెట్టారు. అయినా చాలా ఏళ్లు రెండు పడవల ప్రయాణమే. 1554లో, దాదాపు నలభైయేళ్ల వయసులో, గాయాలతో ఉన్న క్రీస్తు స్వరూపం ముందు కుప్పకూలి ఏడ్చారు. తనను తాను నమ్ముకోవడం ఆనాటితో మానారు. 1562లో నలుగురు కన్యలతో పేద మఠం స్థాపించారు. 1582లో మరణించారు. 1970లో శ్రీసభ పండితురాలిగా ప్రకటింపబడిన తొలి స్త్రీ ఆమే.

ఆ నులివెచ్చని ఏళ్ల సంగతి మనకెలా తెలిసిందంటారా? ఆమే తన ఆత్మకథలో దాచకుండా వ్రాసుకొన్నారు.