చిక్కుడు గింజలను తూచిన జొహాన్సెన్

విల్హెల్మ్ జొహాన్సెన్ 1857లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్‌లో జన్మించాడు. తండ్రి సైనికోద్యోగి. విశ్వవిద్యాలయంలో చదివించే స్తోమత ఆ ఇంటికి లేనందున 1872లో మందుల దుకాణంలో పని నేర్వ కుదిరాడు. 1881లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సహాయకుడైనాడు. శాస్త్రాలను చాలవరకు స్వయంకృషితోనే అభ్యసించాడు.

పెద్ద గింజలనే ఏరి నాటుతూ పోతే తరతరానికీ గింజ పెరుగుతూనే ఉంటుందని ఆనాడు పలువురి విశ్వాసం. జొహాన్సెన్ దానిని తూచి చూడదలచాడు. ఫ్రెంచి చిక్కుడు తన పుప్పొడితో తానే ఫలించే మొక్క; కనుక ఒక్క గింజ సంతతి యావత్తూ ఇంచుమించు ఒకే వారసత్వం కలది. అటువంటి 19 శుద్ధ వంశాలను వేరుపరచి, ఒక్కొక్క వంశంలోని పెద్ద గింజలనూ చిన్న గింజలనూ విడివిడిగా నాటించాడు. వింత ఏమంటే, ఒకే వంశంలో పెద్ద గింజ సంతతికీ చిన్న గింజ సంతతికీ సగటు బరువు దాదాపు ఒక్కటే! నేల సారం, కాయలో గింజ ఉన్న చోటు కల్పించిన తేడా ఆ తరంతోనే సరి. వంశానికీ వంశానికీ గల తేడా మాత్రం చెక్కుచెదరలేదు. ఈ ఫలితాలను 1903లో ప్రకటించాడు. బక్కపలుచని పిల్లవాణ్ణి చూడగానే వాళ్ల వంశమే అంతని తీర్పు చెప్పేవారు ఈ గింజల సంగతి ఎరిగి ఉంటే బాగుండును.

కంటికి కనబడే దృశ్యరూపం వేరు, లోపలి జన్యురూపం వేరు అని 1909 నాటి గ్రంథంలో అతడు నిర్ధారించాడు. జన్యువుకు నేడు లోకమంతా వాడే జీన్ అనే పేరు కూడా అందులో అతడు పెట్టినదే. విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా చదవని ఈ మనిషి 1905లో కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1917లో దానికే అధిపతి అయినాడు. 1927లో మరణించాడు.