అలెగ్జాండర్ రీ

ఆంధ్రదేశపు బౌద్ధక్షేత్రాలను శాస్త్రీయంగా శోధించిన తొలితరం పురాతత్త్వవేత్తలలో అలెగ్జాండర్ రీ గణనీయుడు. పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదంలో ఆయన మద్రాసు ప్రాంతపు పురావస్తు శాఖలో పనిచేశాడు. రీ కృష్ణాతీరానికి వచ్చేనాటికే స్తూపాలకు తీరని హాని జరిగింది. గుడివాడ దిబ్బల ఇటుకలు బాటల నిర్మాణానికి తరలిపోయాయి. నదికి ఆవలి ఒడ్డునున్న భట్టిప్రోలులో చలువరాళ్లు కాలువ పనులకు బలియైనాయి.

అయినను రీ నిరాశ చెందలేదు. 1892లో భట్టిప్రోలు స్తూపగర్భాన్ని తవ్వించి మూడు రాతికరండాలను వెలికితీశాడు. వాటిలో స్ఫటికపు భరిణె, బంగారు పూలు, ముత్యాలు లభించాయి. కరండాలపై గల బ్రాహ్మీ లిపిని బ్యూలర్ పండితుడు పరిష్కరించగా, కుబిరక రాజు పేరుతోపాటు గోష్ఠిగా కూడి ధర్మకార్యం నిర్వహించిన పురజనుల పేర్లు వెల్లడైనాయి. దివిసీమ చేరువలోని ఘంటసాలలో బండిచక్రపు ఆకుల వలె ఇటుకగోడలు పేర్చి స్తూపాన్ని నిర్మించిన ప్రాచీనుల నేర్పును రీ గుర్తించాడు.

పోయినవాటిని ఆయన తిరిగి తేలేకపోయాడు. మిగిలినవాటిని కొలిచి, పటాలు గీసి, 1894లో గ్రంథంగా వెలువరించాడు. దిబ్బను ఇటుకల రాశిగా చూచినవారికి బాట మాత్రమే దక్కింది. చరిత్రగా చూచిన రీ వలన ఒక ఊరివారి పేర్లు మనకు దక్కాయి.