రహీమ్ సాబ్: బడి పంతులు దేశానికే కోచ్ అయ్యారు

తడలో మన ఇళ్లల్లో పిల్లాడు ఇంటర్ అయ్యాక ఆటల్లోనే ఉంటానంటే అమ్మీ, అబ్బా ముందుగా అడిగేది ఒకటే: దాంతో రోజీ ఎలా గడుస్తుంది? పక్కనే శ్రీసిటీలో కంపెనీ ఉద్యోగం కళ్లకు కనిపిస్తోంది. జిమ్ ట్రైనర్, పీఈటీ సారు, కోచ్ అంటే అదీ ఒక ఉద్యోగమేనా అనిపిస్తుంది. అలా అనిపించిన వాళ్లు హైదరాబాద్ టీచర్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి జీవితం ఒకసారి తెలుసుకోవాలి.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూనే ఫుట్‌బాల్ ఆడారు. డిగ్రీ అయ్యాక టీచర్‌గా చేరి కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. ఆట మీద ఇష్టం ఉంది కదా అని అంతటితో ఊరుకోలేదు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు, ఆ తర్వాత బడిలో ఆటల బాధ్యత తీసుకున్నారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి కూడా అయ్యారు.

పిల్లలకి నేర్పడంలో ఆయన పద్ధతే వేరు. బంతిని తన దగ్గరే పెట్టుకోకుండా వెంటనే పాస్ చేయాల్సిన పోటీలు పెట్టేవారు. బలం తక్కువున్న కాలితోనే ఆడాలనే పోటీలూ పెట్టేవారు. కుడికాలి వాటం ఉన్నవాడికి ఎడమకాలు కూడా పనిచేయాలి కదా! సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఆయన కంటపడ్డాడు. ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ అద్దె డబ్బులు కూడా రహీమ్ సాబే ఇచ్చేవారని బలరామ్ తర్వాత చెప్పుకున్నారు. ఆ కుర్రాడే ఒలింపిక్స్ ఆడాడు.

1950లో రహీమ్ సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దేశం జట్టు కూడా ఆయన చేతికే వచ్చింది. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చారు.

అన్నీ గెలుపులే కాదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకి, 1956 మెల్‌బోర్న్‌లో, ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరారు. ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ ఆడిన మొదటి జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది.

1962 జకార్తాలో స్టేడియం అంతా మనకి ఎదురే. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ ఆటలకి రానివ్వకపోవడాన్ని భారత అధికారి ఒకరు తప్పుపట్టడంతో అక్కడి జనం మండిపడ్డారు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. అదే కొరియా ఫైనల్లో మళ్లీ ఎదురైంది. తలకి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ సాబ్ ముందు వరసలో ఆడించారు. ఒక గోల్ పీకే బెనర్జీది, ఒకటి ఆ జర్నైల్‌దే. సెప్టెంబర్ 4న 2-1తో బంగారు పతకం మనకొచ్చింది.

తొమ్మిది నెలలు తిరగ్గానే, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు. వయసు 53. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. పటియాలాలో కోచ్‌ల శిక్షణ సంస్థ తెరుచుకున్నదే 1961లో. అంటే ఆయన నడిచినప్పుడు ఆ దారి ఇంకా సరిగ్గా వేయనేలేదు.

ఇప్పుడు ఆ దారి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పీఈసెట్ రాసి ఇంటర్ తర్వాత డీపీఎడ్, డిగ్రీ తర్వాత బీపీఎడ్ చేయొచ్చు. పటియాలా ఎన్ఐఎస్ డిప్లొమా ఉంది, ఫుట్‌బాల్ కోచ్‌లకి లైసెన్స్ కోర్సులున్నాయి. ఉబ్బలమడుగు జలపాతానికి, పులికాట్ పక్షులకి జనం వచ్చే మన తడ వైపు, ఈత తెలిసి, ప్రథమ చికిత్స నేర్చుకున్న కుర్రాళ్ల అవసరం కూడా ఉంది.

పిల్లాడు ఆటలంటే వద్దనకండి. రహీమ్ సాబ్ చేసినట్టు ముందు డిగ్రీ, తర్వాత ఆటలో ఒక పక్కా సర్టిఫికెట్ ఉండాలని మాత్రం పట్టుబట్టండి. మైదానంలో పడ్డ చెమటకి రోజీ దొరికే దారి అక్కడే మొదలవుతుంది.