మధుకరం నుండి మధురగానం వరకు

గాయకుని ఊపిరితోపాటు అతని కంఠమూ అంతరించడం ప్రకృతి సహజం. గ్రామఫోన్ రికార్డు ఆ నియమాన్ని మార్చివేసింది. లక్క ప్రధాన ద్రవ్యంగా తయారైన ఆ నల్లని పళ్లెం నిమిషానికి 78 చుట్లు తిరుగుతూ, ముల్లు తాకగానే ఎక్కడో ఉన్న గాయకుణ్ణి ఇంటి ముంగిట నిలిపేది. అటువంటి పాత రికార్డులను సేకరించి ప్రాణప్రదంగా దాచుకొనే రసికులు తెలుగునాట నేటికీ ఉన్నారు. వారు మిక్కిలి ఆదరంతో భద్రపరచుకొనే గళాలలో ఘంటసాల వెంకటేశ్వరరావు గళం ముఖ్యమైనది.

ఘంటసాల 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్య మృదంగ విద్వాంసుడు. ఆయన నారాయణతీర్థుల తరంగాలు గానం చేస్తుండగా, బాలుడైన ఘంటసాల ఆ పాటకు అనుగుణంగా నర్తించేవారు. తండ్రి అకాలమరణంతో కుటుంబం పేదరికంలో పడింది. అయినా సంగీతం నేర్చుకోవాలన్న సంకల్పం ఆయనలో సడలలేదు. చేతి ఉంగరాన్ని అమ్ముకొని, ఆ సొమ్ముతో విజయనగరం చేరుకున్నారు.

ఆ పరాయి ఊరిలో పట్రాయని సీతారామశాస్త్రి ఆయనను చేరదీసి విద్యాదానం చేశారు. అయితే గురువు సంపన్నుడు కాడు. శిష్యుడు తన భోజనం తానే సమకూర్చుకోవలసి వచ్చింది. తేనెటీగ పువ్వు పువ్వునూ ఆశ్రయించి మధువు గ్రహించినట్లు, పేద విద్యార్థి ఇంటింటికీ వెళ్లి అన్నం అర్థించడాన్ని మధుకరం అంటారు. ఘంటసాల భుజాన జోలె ధరించి మధుకరం చేశారు. అభిమానాన్ని దిగమింగి ఆకలిని, శ్రద్ధను కూడగట్టుకొని విద్యను జయించారు. విజయనగరం సంగీత కళాశాలలో విద్య పూర్తిచేసి స్వగ్రామానికి మరలి వచ్చారు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని, బళ్లారి సమీపంలోని అలీపురం జైలులో కారాగార శిక్ష అనుభవించారు. విడుదలైన తరువాత 1944లో సావిత్రితో వివాహం జరిగింది. సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరి, చలనచిత్రాలలో బృందగానాలు పాడుతూ, చిన్న వేషాలు వేస్తూ కాలం గడిపారు. ఆకాశవాణి ఆయన గళాన్ని శ్రోతలకు పరిచయం చేసింది. రికార్డింగు సంస్థలో పనిచేస్తున్న పేకేటి శివరాం ప్రోత్సాహంతో రికార్డులకు పాడే అవకాశమూ లభించింది.

ఆనాటి రికార్డులో ఒక్కొక్క వైపున ఇంచుమించు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. రంగస్థల నటులు ఒక్క పద్యాన్నే దీర్ఘమైన రాగాలాపనతో సాగదీసే రోజులవి. ఘంటసాల రాగాన్ని పద్యభావానికి కావలసినంత మేరకే వినియోగించారు. ప్రతి అక్షరాన్ని స్పష్టంగా ఉచ్చరించారు. జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన పుష్పవిలాపం ఆయన గళం ద్వారా రికార్డుకెక్కిన పిమ్మట, పుస్తకం చదువలేని వారికి సైతం పద్యం కంఠస్థమైంది. పూల వేదన విని కన్నీరు పెట్టడానికి ఛందస్సు తెలిసి ఉండవలసిన పని లేకపోయింది.

ఇతర దేశాలలోనూ రికార్డు ఇటువంటి మేలే చేసింది. అమెరికాలో నల్లజాతివారి రిథమ్ అండ్ బ్లూస్, గ్రామీణ శ్వేతజాతీయుల పాటలు కలిసి 1950లలో రాకబిల్లీ అనే సంగీతరీతి రూపొందింది. మెంఫిస్ నగరంలోని ఒక చిన్న స్టూడియోలో 1954లో ఎల్విస్ ప్రెస్లీ అనే పేద యువకుడు పాడిన పాట రికార్డు ద్వారానే లోకానికి తెలిసింది. ఆ దశకంలోనే పాతాళభైరవి (1951), దేవదాసు (1953), మాయాబజార్ (1957) చిత్రాల పాటలు ఘంటసాల గళాన్ని తెలుగువారి ఇంటింటికీ చేర్చాయి.

1960లలో రామగుండం పరిసరాలలో సింగరేణి బొగ్గుగనులు విస్తరించాయి. పలు ప్రాంతాల నుండి వచ్చిన కార్మికులతో గోదావరిఖని పట్టణంగా ఎదిగింది. అటువంటి శ్రామికవాడలలో సొంత గ్రామఫోన్ కొనగల కుటుంబాలు అరుదు. పెళ్లిపందిళ్లలో, పండుగ వేడుకలలో మైకుసెట్టు మీద తిరిగే రికార్డే అందరికీ సంగీతసభ. భూగర్భపు చీకటిలో చెమటోడ్చిన వారికి ఆ పాట సేదదీర్చే చల్లని నీడ.

1970లో భారతప్రభుత్వం ఘంటసాలను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. అనారోగ్యం బాధిస్తున్న చివరి దశలో ఆయన భగవద్గీత గానానికి పూనుకున్నారు. 700 శ్లోకాలలో కొన్నింటిని ఏర్చి, తెలుగు తాత్పర్యంతో రికార్డు చేయించారు. అది విడుదల కాకముందే, 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. తన గీతాగానాన్ని జనులు ఎంతగా ఆదరించారో చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు. నేడు ఆప్తులను కోల్పోయిన ఇళ్ల ముంగిట ఆ గానాన్ని వినిపించడం తెలుగునాట ఆనవాయితీ అయింది.

బాల్యంలో ఘంటసాల పిడికెడు అన్నం కోసం పరుల గుమ్మాల ముందు నిలిచారు. ఆయన గళం మాత్రం శుభంలోనూ శోకంలోనూ ప్రతి గుమ్మానికీ తానై వెళ్లింది. లోకం తనకు పెట్టిన అన్నానికి ఆయన చెల్లించిన ఋణమది.