గాడ్గిల్ సూత్రం – డిండోలి మగ్గం

రాజధానిలో మహనీయుల పేర్లు వీథులకో భవనాలకో మిగలడం పరిపాటి. ఒక లెక్కల సూత్రానికి పేరు మిగిలిన వ్యక్తి ధనంజయ రామచంద్ర గాడ్గిల్. కేంద్రం రాష్ట్రాలకిచ్చే ప్రణాళికా సహాయం ప్రసక్తి వచ్చినప్పుడల్లా యోజనా భవన్ లోను, పార్లమెంటులోను దశాబ్దాల తరబడి ఆ పేరు వినిపించేది. ఆ పేరు వెనుకనున్న మనిషి దేనిని కోరారో తలచుకొన్నవారు మాత్రం తక్కువ.

గాడ్గిల్ 1901లో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివారు. భారతదేశ పారిశ్రామిక పరిణామంపై ఆయన పరిశోధన 1924లో గ్రంథమై వెలువడింది. 1930లో పూనాలో నెలకొన్న గోఖలే రాజకీయ, అర్థశాస్త్ర సంస్థకు ఆయనే తొలి డైరెక్టరు. మూడున్నర దశాబ్దాలు దానిని నడిపారు. గ్రంథాలయం గడప దాటని పండితుడు కారాయన. ఇల్లిల్లూ తిరిగి సమాచారం సేకరించే పద్ధతిని ఆ సంస్థకు అలవరచారు. ప్రవరానగర్ లో విఠల్ రావు విఖే పాటిల్ పూనికతో రైతులు నెలకొల్పుకొన్న సహకార చక్కెర కర్మాగారానికి అండగా నిలిచారు.

తెలుగు పాఠకులు గమనింపదగిన విశేషమొకటి ఉన్నది. తెలంగాణ నుండి తరతరాలుగా వలసవెళ్లిన పద్మశాలీలకు షోలాపూరు రెండవ పుట్టిల్లు. ఆ నగరపు నేతవర్గాల ఆర్థిక, సాంఘిక స్థితిగతులపై ఆర్.జి. కాకడే చేసిన పరిశీలనను గోఖలే సంస్థ 1947లో ప్రచురించింది. గాడ్గిల్ స్వయంగా షోలాపూరు నగరంపై 1965లో గ్రంథం వెలువరించారు. మన నేతగాని వలస ఆయనకు తెలియని విషయం కాదన్నమాట.

1967లో ఆయన ప్రణాళికా సంఘానికి ఉపాధ్యక్షులై ఢిల్లీ వచ్చారు. అంతవరకు ఏ రాష్ట్రానికి ఎంత సహాయమన్నది చాలవరకు కేంద్రం విచక్షణపై నడిచేది. 1969లో గాడ్గిల్ సూత్రం దానికొక కట్టుబాటు కల్పించింది. అస్సాం, జమ్మూ-కాశ్మీరు, నాగాలాండులకు ముందుగా కొంత కేటాయించి, మిగిలినదానిలో నూటికి 60 వంతులు జనాభాను బట్టి పంచారు. తలసరి ఆదాయం జాతీయ సగటుకు తక్కువైన రాష్ట్రాలకు 10, పన్నుల వసూలులో చూపిన శ్రద్ధకు 10, సాగుతున్న భారీ నీటిపారుదల, విద్యుత్ పథకాలకు 10, ప్రత్యేక సమస్యలకు 10 నిర్ణయించారు. ఇచ్చినదానిలో 30 వంతులు గ్రాంటు, 70 వంతులు అప్పు.

అదే సంవత్సరం బ్యాంకులు జాతీయమైనాయి. పరపతి ఏ ప్రాంతానికి అందలేదో ఆ ప్రాంతాన్నే కొలతగా తీసుకోవాలని గాడ్గిల్ అధ్యక్షతన పనిచేసిన అధ్యయన బృందం సూచించింది. జిల్లాకొక బ్యాంకు బాధ్యత వహించే లీడ్ బ్యాంకు పథకం దాని నుండే పుట్టింది. జిల్లా ప్రణాళికల రచనకు ప్రణాళికా సంఘం మార్గదర్శక సూత్రాలు పంపినదీ ఆ ఏడే. తెలంగాణ ఉద్యమం భగ్గుమన్నదీ ఆ ఏడే. రాష్ట్రానికి అందిన సొమ్ము రాష్ట్రంలోని అన్ని ప్రాంతాలకు అందుతుందా అన్న ప్రశ్న అప్పుడు మన వీథులలో మారుమ్రోగింది. గాడ్గిల్ సూత్రం రాష్ట్రం సరిహద్దు దగ్గరే ఆగిపోయింది. జిల్లాను చూడగల దృష్టి ఆయనకు ఉండెను గాని, ఢిల్లీ నిలుపుకొన్నది సూత్రాన్నే.

ఆ లోటుకు రూపమేదో చూడగోరేవారు సూరత్ ఆగ్నేయ భాగాన ఉన్న డిండోలికి పోవలెను. ఆ పేటలో మరాఠీ, హిందీ మాటల నడుమ కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ యాసలు నేను విన్నాను. మగ్గం పనిలో నేర్పు గల కుటుంబాలవి. నేర్పు మన పల్లెలలో పుట్టినదే; కాని మిగిలినవన్నీ సూరత్ లోనే సమకూడినవి. జరీ, పట్టు నేతల పాత సంప్రదాయం, కృత్రిమ నూలు, మరమగ్గాలు, అరువిచ్చే వర్తకుడు, దేశమంతటికీ చీరెలు పంపే బజారు అక్కడ ఒక్కచోట ఉన్నవి. ముందు వెళ్లిన బంధువు వెనుక వచ్చినవానికి పని చూపాడు. నేర్పు ఒక్కటే ఒక ప్రాంతాన్ని పైకి తేలేదు. నూలు, పరపతి, బజారు దాని చెంతకు రాకపోతే నేర్పే వాటిని వెదుక్కొంటూ పోతుంది. ఇందులో సూరత్ తప్పేమీ లేదు. అది వారికి అన్నం పెట్టింది.

గాడ్గిల్ 1971 మే నెలలో, ఢిల్లీ పదవి విడిచి పూనాకు మరలుతూ దారిలోనే కన్నుమూశారు. 2015లో ప్రణాళికా సంఘం స్థానాన్ని నీతి ఆయోగ్ ఆక్రమించింది. ఆ సూత్రం ప్రకారం పంపిణీ కూడా ముగిసింది. సూరత్, భివండీ, షోలాపూరుల నుండి నేతగాండ్రను తిరిగి రప్పించే ఆశతో తెలంగాణ ప్రభుత్వం 2017 అక్టోబరులో వరంగల్లు వద్ద కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన చేసింది. షెడ్లు, యంత్రాలు వేయడం సులభమే. సూరత్ వర్తకుడిచ్చే అరువు, సూరత్ బజారు చూపే గిరాకీ అక్కడ కూడా దొరికిననాడే డిండోలి కుటుంబం మూటముల్లె సర్దుకొనే విషయం ఆలోచిస్తుంది. ఏ ప్రాంతానికి ఏది కొరవడిందో అక్కడికే పోయి తెలుసుకొన్న తరువాత నిధులు పంచాలన్నదే గాడ్గిల్ జీవితమంతా చేసి చూపిన పని. ఆయన సూత్రానికి కాలం చెల్లినా, ఆ పనికి చెల్లలేదని నా అభిప్రాయం.