జలభీతిని జయించిన లూయీ పాశ్చర్

కర్నూలు, కడప జిల్లాల మెట్టపల్లెల్లో వాన కురిసే రోజులు తక్కువ. పంట చేతికి రాని ఏట సంసారాన్ని ఒడ్డుకు చేర్చేది చాలా ఇళ్ళలో గొర్రెల మందే. కోతలు ముగిసిన పొలాల్లో రాత్రివేళ మందను నిలిపి, కంబళి కప్పుకొని నిద్రించే కాపరికి తోడుండేది కుక్క. రోళ్లపాడు గడ్డి మైదానాల్లో తోడేలు అలికిడిని ముందుగా పసిగట్టేది అదే. ఆ కుక్కకే పిచ్చి పడితే మంద, కాపరి, కాపరి పిల్లలు ఒక్కసారిగా ప్రమాదంలో పడతారు. జలభీతి అని, రేబిస్ అని పిలిచే ఈ వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బ్రతకడం దాదాపు అసాధ్యం. దానిని ముందుగానే అడ్డుకొనే మార్గాన్ని లోకానికి చూపినవాడు వైద్యుడు కాడు, పశువైద్యుడూ కాడు. ఆయన ఫ్రాన్సు దేశానికి చెందిన రసాయన శాస్త్రవేత్త లూయీ పాశ్చర్.

పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్సు తూర్పు ప్రాంతంలోని డోల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి, అనంతరం తోళ్ళు పదును చేసే వృత్తిని చేపట్టాడు. కుటుంబం ఆర్బ్వా అనే చిన్న పట్టణంలో స్థిరపడింది. 1831లో పిచ్చి పట్టిన తోడేలొకటి ఆ పరిసరాల్లో పలువురిని కరిచింది. కాటుకు గురైన వారిని కమ్మరి కొలిమికి తీసుకొనిపోయి, ఎర్రగా కాల్చిన ఇనుముతో గాయాలపై వాతలు పెట్టారు. ఆనాటికి తెలిసిన చికిత్స అదే. అయినా వారిలో అనేకులు మరణించారు. అప్పటికి పాశ్చర్‌కు తొమ్మిదవ ఏడు నడుస్తున్నది. మన పల్లెల్లో కాటుపై కారం అద్దడం, సున్నం పూయడం, పసరు పోయించడం కూడా ఆ కొలిమి వైద్యం కోవకు చెందినవే. వాటివల్ల బాధ పెరుగుతుందే కాని ప్రాణం దక్కదు.

1843లో పాశ్చర్ పారిస్‌లోని ఎకోల్ నార్మాల్ విద్యాసంస్థలో చేరాడు. 1848లో స్ఫటికాలపై చేసిన పరిశోధనతో పేరు పొందాడు. పులియడం అనే మార్పునకు సూక్ష్మజీవులే కారణమని నిరూపించాడు. పాలను వేడిచేసి నిల్వ ఉంచే పద్ధతిని నేటికీ ఆయన పేరుతోనే పాశ్చరీకరణం అంటున్నారు. 1865 నుండి పట్టుపురుగుల తెగులుపై శ్రమించి ఫ్రాన్సు పట్టు పరిశ్రమను నిలబెట్టాడు. 1859 నుండి 1866 వరకు గడిచిన ఏడేళ్ళలో ముగ్గురు కుమార్తెలను వ్యాధులకు పోగొట్టుకున్నాడు. 1868లో పక్షవాతం సోకి ఎడమ భాగం బలహీనపడింది. ఇన్ని చూసిన మనిషి విశ్రాంతి కోరుకున్నా ఎవరూ తప్పు పట్టరు. కాని ఆయన జీవితంలోని అతి క్లిష్టమైన అధ్యాయం అప్పటికింకా మొదలే కాలేదు.

ఆ అధ్యాయంలో ఆయన అడుగడుగునా ఆధారపడినది పశువైద్యుల మీద. కోళ్ళకు వచ్చే కలరా క్రిములను 1879 ప్రాంతంలో ఆయనకు పంపినవాడు తులూజ్ పశువైద్య కళాశాల ఆచార్యుడు తూసేన్. చాలాకాలం నిల్వ ఉండి శక్తి తగ్గిన క్రిములను ఎక్కిస్తే కోళ్ళు కొద్దిగా నలతపడి కోలుకున్నాయి. ఆ తరువాత తాజా క్రిములను ఎక్కించినా వాటికి వ్యాధి రాలేదు. రోగకారక క్రిమినే బలహీనపరచి రక్షణకు వినియోగించవచ్చునని పాశ్చర్‌కు అవగతమైంది. మశూచికి టీకా కనిపెట్టిన జెన్నర్ గౌరవార్థం ఇటువంటి మందులన్నింటికీ ఆయన వాక్సిన్ అనే పేరునే స్థిరపరచాడు.

తరువాతి పరీక్ష గొర్రెల మంద మీద జరిగింది. దొమ్మ వ్యాధి, అనగా ఆంత్రాక్స్, ఆనాడు ఫ్రాన్సు రైతులను కుంగదీస్తున్నది. పాశ్చర్ టీకాను నమ్మని రోసిన్యోల్ అనే పశువైద్యుడు బహిరంగంగా పరీక్షించి చూపమని కోరి, పుయ్యీ-ల-ఫోర్ గ్రామంలోని తన క్షేత్రాన్ని ఇచ్చాడు. 1881 మే 5న సగం గొర్రెలకు తొలి టీకా, మే 17న రెండవ టీకా వేశారు. మే 31న అన్నింటికీ ప్రాణాంతకమైన క్రిములను ఎక్కించారు. జూన్ 2న రైతులు, అధికారులు, పత్రికల వారు గుమిగూడేసరికి టీకా పడని గొర్రెలు చచ్చిపడి ఉన్నాయి, లేదా కొన ఊపిరితో ఉన్నాయి. టీకా పడినవి మేస్తున్నాయి. సందేహించిన పశువైద్యులే ఆ టీకాకు ప్రచారకులయ్యారు.

ఆ విజయంలో ఒక మరక కూడా ఉన్నది. ఆనాడు వాడినది తాను ప్రకటించిన పద్ధతిలో చేసిన టీకా కాదని, సహచరుడు షాంబర్లాన్ రసాయనంతో సిద్ధం చేసినదని పాశ్చర్ బయటపెట్టలేదు. ఈ సంగతి ఆయన ప్రయోగశాల పుస్తకాల వల్ల చాలాకాలం తరువాత వెల్లడైంది. మరుసటి సంవత్సరం టీకా మోతాదుల శక్తి ఒకే విధంగా లేకపోవడంతో కొన్నిచోట్ల టీకా పడిన గొర్రెలే మరణించాయి. తయారీలో, నిల్వలో, వేసే తీరులో ఏ ఒక్కటి తప్పినా రక్షించవలసిన మందే హాని చేస్తుందని పశువులే ఆయనకు నేర్పాయి.

జలభీతిపై కృషి 1880 డిసెంబరులో ఆరంభమైంది. బూరెల్ అనే పశువైద్యుడు పిచ్చి పట్టిన రెండు కుక్కలను పాశ్చర్‌కు పంపాడు. కరిచినా గాయం కాకూడదని కుక్కల పళ్ళను ఆకురాయితో అరగదీయడం ఈ బూరెల్ అనుసరించిన ఉపాయం. ఇంతకంటె మెరుగైన దారి నాటికి లేదన్నమాట! కుందేళ్ళలో ఈ వ్యాధిని కలిగించి అధ్యయనం చేయవచ్చునని అంతకుముందే చూపిన గాల్తియే కూడా పశువైద్యుడే. బలిష్ఠమైన పిచ్చికుక్కను పట్టి బంధించి, దాని దవడల నడుమ గాజు గొట్టం ఉంచి లాలాజలాన్ని సేకరించేవారు. ఏ క్షణాన కాటు పడినా మరణమే. రోగకారకం సూక్ష్మదర్శినికి కనబడలేదు. కంటికి కనబడని ఆ శత్రువును పాశ్చర్, ఎమిల్ రూ కలిసి కుందేళ్ళ వెన్నుపాములో పెంచారు. ఆ వెన్నుపామును పొడి గాలిలో వేలాడదీస్తే రోజురోజుకూ దాని తీవ్రత తగ్గి, పద్నాలుగవ నాటికి నశిస్తుందని గ్రహించారు.

1884లో ప్రభుత్వం నియమించిన సంఘం ఆయన టీకా పొందిన కుక్కలను పరీక్షించింది. దాని అధ్యక్షుడు బూలే కూడా పశువైద్యుడే. టీకా పొందిన కుక్కల్లో ఒక్కదానికీ పిచ్చి పట్టలేదు. పొందని వాటిలో అధికభాగానికి పట్టింది. పరీక్షలను విస్తరించడానికి పారిస్ సమీపాన విల్నవ్ లెతాంగ్ ఉద్యానంలో కుక్కల కొట్టాలు కట్టబోగా, చుట్టుపక్కల ప్రజలు భయపడి అభ్యంతరం తెలిపారు.

పాశ్చర్ మొదటి ఆశయం మనుషులకు సూది వేయడం కాదు. మనుషులకు వ్యాధి వచ్చేది ప్రధానంగా కుక్క వల్లనే కనుక కుక్కలన్నింటికీ టీకా వేస్తే వ్యాధి మూలమే తెగుతుందని ఆయన భావించాడు. కాని పారిస్‌లోనే లక్ష కుక్కలు, దేశమంతటా ఇరవై ఐదు లక్షలు ఉన్నాయని అంచనా. ఒక్కొక్క దానికి పలుమార్లు సూది వేయాలి. అంత మందు, అన్ని కుందేళ్ళు, అంతమంది మనుషులు ఎక్కడినుండి వస్తారు? లెక్క వేసుకొని ఆ ఆశయాన్ని ఆయన పక్కన పెట్టవలసి వచ్చింది. కాటు పడిన తరువాత వ్యాధి బయటపడడానికి సాధారణంగా వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో మనిషికి రక్షణ కల్పించడం ఒక్కటే మిగిలిన దారి.

1885 జులై 6న ఆల్సేస్ ప్రాంతం నుండి జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలుని తల్లి తీసుకొనివచ్చింది. రెండు రోజుల క్రితం పిచ్చికుక్క అతనిని పద్నాలుగు చోట్ల కరిచింది. పాశ్చర్ వైద్యుడు కానందున డాక్టర్ గ్రాన్షే సూది వేశాడు. పొట్టపై చర్మం క్రింద మొత్తం పదమూడు సూదులు పడ్డాయి. కాటు పడిన తరువాత ఇదే క్రమంలో చికిత్స చేస్తే ఫలితమేమిటో కుక్కలపై జరుపుతున్న పరీక్షలు అప్పటికి పూర్తి కాలేదు. ఆ రాత్రులలో పాశ్చర్‌కు నిద్ర పట్టలేదు. బాలుడు బ్రతికాడు. అక్టోబరులో జుపీ అనే పదిహేనేళ్ళ గొర్రెల కాపరి వచ్చాడు. చిన్నపిల్లలను కాపాడబోయి పిచ్చికుక్కతో కలబడినవాడతడు. అతడూ బ్రతికాడు. నవంబరులో తెచ్చిన లూయీజ్ పెల్తియే అనే బాలికకు కాటు తలపై పడి ముప్పై ఏడు రోజులు గడిచాయి. ఆలస్యమైందని, ఆమె మరణిస్తే నింద తన చికిత్సపై పడుతుందని తెలిసి కూడా పాశ్చర్ కాదనలేకపోయాడు. ఆమె మరణించింది.

1888 నవంబరు 14న పారిస్‌లో పాశ్చర్ సంస్థ ప్రారంభమైంది. 1895 సెప్టెంబరు 28న ఆయన విల్నవ్ లెతాంగ్‌లోనే, ఒకనాడు తన కుక్కలు ఉండిన ఉద్యానంలోనే, కన్నుమూశాడు.

భారతదేశంలో తొలి పాశ్చర్ సంస్థ 1900లో కసౌలీలో వెలసింది. దక్షిణాదిన 1907లో నీలగిరి కొండల్లోని కూనూరులో మరొకటి ఏర్పడింది. మద్రాసు రాజధానిలో భాగమైన కడప నుండి బయలుదేరినవారు మద్రాసు మీదుగా మేట్టుపాళయం చేరి, కొండరైలు ఎక్కవలసి ఉండేది. ఒక్కొక్క రోజు ఆలస్యానికి ఏ ఫలితం రాగలదో పెల్తియే ఉదంతమే చెబుతున్నది. కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన మందు తరువాతి కాలంలో జిల్లా ఆసుపత్రులకు చేరింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మన పెద్దలు నేటికీ చెప్పుకొనేది ఆ మందు గురించే. అది కొందరికి నరాల జబ్బు కలిగించేది. 2004 డిసెంబరుతో దేశంలో దాని తయారీ ఆగింది. ఇప్పటి టీకాలు కణవర్ధనంలో తయారై, భుజానికి వేసేవి. అంతకంటె ముందు గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి.

పాశ్చర్ పక్కన పెట్టిన ఆశయాన్ని ఇరవయ్యవ శతాబ్దం మళ్ళీ చేతికి తీసుకున్నది. 1950లో చట్టం చేసి కుక్కలకు టీకా తప్పనిసరి చేసిన జపాన్‌లో 1957 తరువాత ఆ దేశపు కుక్కల్లో ఈ వ్యాధి కనబడలేదు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో నూటికి డెబ్బైకి టీకా పడితే వ్యాధి వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఏటా జులై 6న, మీస్టర్‌కు తొలి సూది పడిన రోజున, మన పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు.

ఆ రోజున పశువైద్యుడు ముందుగా కుక్కను పరీక్షించి, యజమానిని కొన్ని సంగతులు అడుగుతాడు. మూడు నెలలు నిండాయా? నట్టల మందు పట్టించారా? మేత తింటున్నదా, జ్వరం ఉన్నదా, చూలుతో ఉన్నదా? గతంలో సూది పడినప్పుడు ముఖం వాచిందా? నీరసించిన కుక్కకు శరీరం టీకాను సరిగా అందుకోలేదు కనుక కోలుకున్న తరువాత రమ్మంటాడు. యజమాని దాచినది ఏదైనా ఉంటే దాని ఫలితం కుక్క అనుభవించవలసి వస్తుంది. మందు సీసా 2 నుండి 8 డిగ్రీల చలువలో ఉండాలి. నలభై డిగ్రీలు దాటే కర్నూలు ఎండలో మంచుపెట్టె లేకుండా తెచ్చిన టీకా వేసినా వేయనట్టే. అందుకే సీసా కొని ఇంట్లో తామే వేసుకోవడం మంచిది కాదు. సూది తరువాత అరగంట సేపు వైద్యశాల వద్దనే ఉంచి, వాంతులు, ఆయాసం, ముఖం వాపు కనబడితే వెంటనే వైద్యునికి చూపాలి. సూది పడిన చోట చిన్న గడ్డ కట్టడం సహజం, కొద్ది రోజుల్లో కరిగిపోతుంది. తొలి టీకా తరువాత వైద్యుడు చెప్పిన గడువుకు మరొకటి, ఆపైన ఏటేటా ఒకటి పడాలి. ఎవరినైనా కరిచిన కుక్కను కొట్టి చంపక, కట్టివేసి పది రోజులు గమనించమని వైద్యులు చెబుతారు.

పేరు, వయసు, మందు వివరం, మళ్ళీ రావలసిన తేదీ రాసిన అట్టను వైద్యుడు యజమాని చేతికి ఇస్తాడు. కాపరి దానిని మడిచి రుమాలు కొంగున కట్టుకొని, కుక్కను వెంటబెట్టుకొని మంద దగ్గరకు వెళతాడు.