గ్రీకు కథల్లో సూర్యుణ్ని వెతికిన మాక్స్‌ముల్లర్

మాక్స్‌ముల్లర్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది ఋగ్వేదం. కానీ గ్రీకు పురాణ కథలు ఎలా పుట్టాయో తేల్చాలని ఆయన పడ్డ తపన చాలామందికి తెలియదు. పైగా ఆయన కూడా మనలాగే పొట్ట చేతపట్టుకుని పరాయి దేశం వెళ్లినవారే.

1823 డిసెంబర్ 6న జర్మనీలోని డెస్సౌలో పుట్టారు. తండ్రి విల్‌హెల్మ్ ముల్లర్ పేరున్న కవి. కొడుక్కి నాలుగేళ్లు నిండకుండానే చనిపోయారు. తల్లే పెంచింది. లైప్‌జిగ్‌లో 19 ఏళ్లకే డాక్టరేట్ వచ్చింది. అక్కడ మొదలైన సంస్కృతం చదువు బెర్లిన్, పారిస్‌ల దాకా సాగింది. 1846లో వేదం రాతప్రతులు చూసి వద్దామని ఇంగ్లాండ్ వెళ్లారు. కొన్నాళ్ల పనే అనుకున్నారు, జీవితమంతా అక్కడే గడిచింది. మనలో ఎంతమందిమి రెండేళ్లని చెప్పి విమానం ఎక్కలేదు! ఈస్టిండియా కంపెనీ డబ్బుతో సాయణ భాష్యంతో కూడిన ఋగ్వేదాన్ని 1849 నుంచి 1874 వరకు 6 సంపుటాలుగా అచ్చు వేయించారు.

ఆ వేదమే ఆయనకి గ్రీకు కథల తాళంచెవిలా కనిపించింది. 1856లో రాసిన వ్యాసంలో తన వాదన చెప్పారు. మనం దీపం కొండెక్కింది అంటాం. ఆరిపోయిందని అర్థం. ఆ అర్థం మరిచిపోయినవాళ్లు దీపం ఏ కొండ ఎక్కిందో, ఎందుకు ఎక్కిందో ఒక కథ అల్లేస్తారు కదా! పురాణాలు ఇలాగే పుట్టాయన్నారు ఆయన. అపోలో దేవుడు తరిమితే డాఫ్నే అనే కన్య చెట్టుగా మారిపోతుంది. ఆయన లెక్కలో అపోలో సూర్యుడు, డాఫ్నే ఉషస్సు. పొద్దెక్కితే ఉషస్సు మాయం, అంతే.

1860లో ఆక్స్‌ఫర్డ్ సంస్కృత ఆచార్య పదవికి ఎన్నిక జరిగింది. మోనియర్ విలియమ్స్‌కి 833 ఓట్లు, ఈయనకి 610. పరాయి దేశస్థుడు కావడం, మత విషయంలో ఉదార భావాలు ఉండటం దెబ్బతీశాయి. పనితనం ఉన్నా పాస్‌పోర్టు చూసి పక్కనపెట్టడం ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా? ఆయన మాత్రం పని ఆపలేదు. 1868లో భాషల తులనాత్మక అధ్యయనానికి అదే యూనివర్సిటీ ఆయన కోసం కొత్త పదవి పెట్టింది.

వాదనకీ దెబ్బలు తగిలాయి. సంబంధం లేని భాషలవాళ్లలోనూ ఇలాంటి కథలే ఉన్నాయి కదా, వాటి సంగతేంటని స్కాట్లాండ్ రచయిత ఆండ్రూ లాంగ్ నిలదీశారు. 1870లో లిటిల్‌డేల్ అనే ఆయనైతే అదే పద్ధతిలో మాక్స్‌ముల్లరే సూర్యుడని, అసలు అలాంటి మనిషే లేడని నిరూపించి నవ్వించారు.

ఈ రోజు ప్రతి కథలో సూర్యుణ్ని చూసేవాళ్లు లేరు. కానీ వేదంలోని ద్యౌః, గ్రీకుల జ్యూస్, రోమన్ల జూపిటర్ ఒకే మూలపదం నుంచి వచ్చాయన్న మాట ఇప్పటికీ చెల్లుతోంది. మా సైటు భాషలో చెప్పాలంటే గోడలు పోయినా పునాది నిలిచింది.

ఇంకో సంగతి. 1890-92లో ఆయన ఋగ్వేదం రెండో ముద్రణకి ఖర్చు పెట్టుకున్నది మన విజయనగరం మహారాజు ఆనంద గజపతి రాజు. ముల్లర్ మాత్రం భారతదేశంలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. 1900 అక్టోబర్ 28న ఆక్స్‌ఫర్డ్‌లోనే కన్నుమూశారు. జీవితమంతా ఏ దేశం మాటల్ని తవ్వుతూ గడిపారో ఆ దేశాన్ని చూడకుండానే వెళ్లిపోయారు.